వ్యాన్‌లో కంట్రోల్ మాడ్యూల్ మార్చి ప్రోగ్రామింగ్ చేయడం ఎలా

కొత్త కంట్రోల్ మాడ్యూల్, అంటే బండిలో ఒక భాగాన్ని నడిపించే చిన్న కంప్యూటర్ పెట్టె, బిగించి, తీగల కప్లర్లన్నీ పెట్టి, తాళం తిప్పుతారు. మీటరులో హెచ్చరిక దీపాలన్నీ వెలుగుతాయి, ఇంజిన్ మాత్రం తిరగదు. పాడైన సరుకు అంటగట్టారేమో అని అనుమానం వస్తుంది. చాలాసార్లు ఆ పెట్టెలో లోపం ఏమీ ఉండదు. తాను ఏ బండిలోకి వచ్చిందో దానికి ఇంకా ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ చెప్పే పనినంతా కలిపి ‘ప్రోగ్రామింగ్’ అనేస్తాం కానీ, అందులో నాలుగు వేర్వేరు పనులున్నాయి. కొత్త డ్రైవరు ఒకతను పనిలో చేరాడనుకోండి. అతనికి బండి నడపడం వచ్చి ఉండాలి. మాడ్యూల్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఫ్లాషింగ్ అలాంటిది. ఇచ్చిన బండి ఎంత పొడవో, ఎంత ఎత్తో, ఎంత బరువు మోస్తుందో అతనికి చెప్పాలి. అది కోడింగ్. తాళం చేతికివ్వాలి. అది ఇమ్మొబిలైజర్‌తో, అంటే తెలియని తాళంతో ఇంజిన్ నడవనివ్వని కాపలా ఏర్పాటుతో, జత కలపడం. ఇక క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో, స్టీరింగ్ ఎటు లాగుతుందో నడుపుతూ అలవాటు చేసుకోవాలి. అది అడాప్టేషన్, లేదా లెర్నింగ్. మీరు మార్చే మాడ్యూల్‌కు ఈ నాలుగింటిలో ఏవి కావాలో ముందే తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. తలుపు మాడ్యూల్‌కు చాలా బళ్లలో కోడింగ్ సరిపోతుంది. ఇంజిన్‌ను నడిపించే మాడ్యూల్ ఈసీఎమ్‌కు సాధారణంగా నాలుగూ కావాలి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. మాడ్యూల్‌లో రాయడం చివరి పని, దానికి ముందు చదవాల్సింది చాలా ఉంది. బటన్ నొక్కాక పొరపాటు జరిగి పోయిన మాడ్యూళ్లకంటే, నొక్కకముందు చేయాల్సిన పనులు వదిలేయడం వల్ల పోయినవే నేను ఎక్కువ చూశాను.

ముందు మాడ్యూలే పోయిందా?

మాడ్యూళ్లు రాసుకున్న లోపాల కోడ్లు చదివే స్కానర్‌లో యూ0100 వస్తే ఇంజిన్ ఈసీఎమ్‌తో సంబంధం తెగిందని అర్థం. యూ0121 అయితే బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌తో, యూ0140 అయితే దీపాలు, తలుపుల లాంటివి చూసే బాడీ కంట్రోల్ మాడ్యూల్‌తో. ఈ కోడ్ రాసేది వేరే మాడ్యూల్ అని గుర్తుంచుకోండి. అది ‘నాకు వినబడటం లేదు’ అని మాత్రమే చెబుతోంది. అవతలి మాడ్యూల్ చచ్చిపోయినా, దానికి కరెంటు అందకపోయినా, ఎర్త్ లేకపోయినా, మధ్యలో తీగ తెగినా వచ్చేది అదే కోడ్.

అందుకని మొదట ఆ మాడ్యూల్ కప్లర్ విప్పి, వైరింగ్ బొమ్మ చూసి, కరెంటు పిన్నులూ ఎర్త్ పిన్నులూ గుర్తించండి. ఇక్కడ మల్టీమీటర్ ఒక్కదాన్నే నమ్మకండి. తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరు నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది, కానీ ఆ పోగు మీదుగా మాడ్యూల్‌కు కావలసిన కరెంటు పారదు. ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బును ఆ రెండు పిన్నుల మధ్య పెట్టి చూడండి. నిండుగా వెలిగితే దారి బాగున్నట్టు, మసగ్గా వెలిగితే ఎక్కడో పట్టు లేదు. బల్బు వెలుగుతున్నప్పుడే ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్టేజీ కొలవండి. 0.1 వోల్టు దాటితే ఎర్త్ తీగనూ బోల్టునూ విప్పి శుభ్రం చేయాలి. పిన్నులోకి సరిపడని సూది గుచ్చి వెడల్పు చేయకండి. అప్పుడు కొత్త లోపం మీరే తెచ్చిపెట్టినట్టవుతుంది.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. మొదట్లో ఒక వ్యాన్‌కు ఈసీఎమ్ పోయిందని నమ్మి కొత్తది తెప్పించి బిగించాను. మళ్లీ అదే కోడ్. వెతగ్గా వెతగ్గా చాసిస్‌కు బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పు పొర కనబడింది. గీకి బిగిస్తే పాత ఈసీఎమ్‌తోనే బండి స్టార్ట్ అయింది. కొత్తదాంట్లో అప్పటికే ఆ బండి ఛాసిస్ నంబరు రాసేయడంతో దాన్ని తిరిగి ఇవ్వడానికీ వీల్లేకపోయింది. ఆ రోజు నుంచి బల్బు పరీక్ష చేయకుండా మాడ్యూల్ మీద అభిప్రాయం చెప్పను.

తర్వాత క్యాన్ లైను చూడాలి. బాష్ సంస్థ 1983లో మొదలుపెట్టి 1986లో బయటపెట్టిన ఈ పద్ధతిలో, మెలిపెట్టిన రెండు తీగల మీదే మాడ్యూళ్లన్నీ మాట్లాడుకుంటాయి. లైను రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఒక్కోటి ఉంటాయి. బ్యాటరీ విప్పి, డయాగ్నస్టిక్ సాకెట్‌లో 6వ పిన్నుకూ 14వ పిన్నుకూ మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక కొస తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ ఒకదానికొకటి తగులుతున్నాయి. 40 వస్తే అక్కరలేని మూడో రెసిస్టర్ ఎక్కడో చేరింది. వ్యాన్లలో ఇది తరచుగా తర్వాత బిగించిన ట్రాకర్ వల్లో, వేరే బండి నుంచి తెచ్చిపెట్టిన మాడ్యూల్ వల్లో వస్తుంది. తర్వాత బ్యాటరీ పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేసి, ఒక్కో తీగకూ ఎర్త్‌కూ మధ్య కొలవండి. ‘క్యాన్ హై’ అనే తీగ 2.5 వోల్టులకు కాస్త పైన, ‘క్యాన్ లో’ అనే రెండో తీగ కాస్త కింద ఉండాలి. రెండూ కూడితే దాదాపు 5 వోల్టులు.

సాకెట్ వెనుక గేట్‌వే, అంటే లైన్ల మధ్య ద్వారంలా ఉండే మాడ్యూల్, ఉన్న బళ్లలో ఈ కొలత సాకెట్ నుంచి గేట్‌వే దాకా ఉన్న ముక్క గురించే చెబుతుంది. మీ మాడ్యూల్ ఉన్న లైను గేట్‌వేకు అవతల ఉంటే, అక్కడికి వెళ్లే కొలవాలి. ఫోర్డ్ వ్యాన్లలో చాలావాటికి 3వ, 11వ పిన్నుల మీద ఇంకో నెమ్మదైన క్యాన్ ఉంటుంది. మీటరు, తలుపులు, ఏసీ లాంటివి దాని మీద మాట్లాడుకుంటాయి.

నీళ్ల సంగతి కూడా చూడండి. వ్యాన్లలో ఫ్యూజు పెట్టెలూ మాడ్యూళ్లూ తరచుగా డ్యాష్‌బోర్డు కిందో, సీటు కిందో ఉంటాయి. ముందు అద్దం రబ్బరు కారినా, పైకప్పుకు తర్వాత కోసిన రంధ్రం కారినా నీళ్లు అక్కడికే చేరతాయి. కప్లర్ పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే ముందు కారే చోటు మూయండి, ఆ తర్వాతే కొత్త మాడ్యూల్ సంగతి.

ఏ మాడ్యూల్ తెచ్చుకోవాలి

మాడ్యూల్ మీద సాధారణంగా రెండు నంబర్లు ఉంటాయి, హార్డ్‌వేర్‌ది ఒకటి, సాఫ్ట్‌వేర్‌ది ఒకటి. హార్డ్‌వేర్ నంబరు కలవాలి, లేదా తయారీదారే ‘దీని బదులు ఇది’ అని చెప్పినదై ఉండాలి. సాఫ్ట్‌వేర్ మార్చుకోవచ్చు. కప్లర్ సరిపోయింది కదా అని తీసుకోవద్దు. ఒకే కప్లర్‌తో లోపల వేరే సర్క్యూట్లున్న మాడ్యూళ్లు చాలా ఉన్నాయి.

పాత బండి నుంచి తీసినది వాడదలిస్తే, అది ఇంకో ఛాసిస్ నంబరును ఒప్పుకుంటుందో లేదో ముందే తేల్చుకోవాలి. కొన్నిట్లో ఆ నంబరు ఒకసారి రాస్తే మళ్లీ మారదు. అలాంటప్పుడు పాత మాడ్యూల్ మెమరీని మొత్తంగా కొత్తదాంట్లోకి ఎక్కించే క్లోనింగ్ ఒక దారి. రెండు మాడ్యూళ్ల హార్డ్‌వేర్ అచ్చంగా ఒకటై, పాతదాని మెమరీ చదవగలిగే స్థితిలో ఉంటే ఇది శుభ్రంగా జరుగుతుంది. ఇమ్మొబిలైజర్ సమాచారం కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ విషయంలో మాత్రం నేను పాతది పెట్టను. ప్రమాదంలో దాని గుండా ఏం పోయిందో బయటికి కనబడదు, మనిషి ప్రాణం దాని మీద ఆధారపడి ఉంటుంది.

కొత్త వ్యాన్లకు ఇంకో గుమ్మం ఉంది. ఫియట్-క్రైస్లర్ బళ్లలో 2018 మోడళ్ల నుంచి సెక్యూరిటీ గేట్‌వే వచ్చింది. అనుమతి లేని స్కానర్ కోడ్లు చదవగలదు కానీ, చెరపలేదు, రాయలేదు. యూరప్‌లో ఆర్155, ఆర్156 నియమాలు 2022 జూలైలో కొత్త రకం బళ్లకూ, 2024 జూలై నుంచి కొత్తగా రిజిస్టర్ అయ్యే బళ్లన్నిటికీ వర్తించాయి. సైబర్ భద్రత, సాఫ్ట్‌వేర్ మార్పుల లెక్క తయారీదారు చూపించాలని వాటి ఉద్దేశం. ఫలితంగా తయారీదారు సర్వర్‌లో లాగిన్ లేకుండా కొన్ని పనులు కుదరవు. మీ చేతిలో ఆ లాగిన్ ఉందో లేదో బండి విప్పకముందే చూసుకోండి.

పాతదాన్ని చదవకుండా విప్పకండి

పాత మాడ్యూల్ ఇంకా మాట్లాడుతోందంటే, అప్పుడప్పుడు మాత్రమే మాట్లాడినా సరే, అది మీ అదృష్టం. దాని దగ్గరున్నదంతా తీసుకోండి. మొదట బండిలోని అన్ని మాడ్యూళ్లనూ స్కాన్ చేసి, కోడ్లు చెరపకుండా ఆ రిపోర్టు ఉన్నదున్నట్టు దాచండి. పని అయ్యాక కొత్త కోడ్ కనిపిస్తే, అది ముందునుంచే ఉందా, మీ వల్ల వచ్చిందా అన్నది చెప్పగలిగేది ఆ రిపోర్టు ఒక్కటే.

తర్వాత మీరు మార్చే మాడ్యూల్‌లోకి వెళ్లి ఛాసిస్ నంబరు, హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ నంబర్లు, కోడింగ్ వరుస మొత్తం, అడాప్టేషన్ విలువలు దింపుకోండి. స్కానర్ సేవ్ చేయనంటే తెరను ఫోటో తీయండి. చేత్తో ఎక్కించుకుంటే ఒక్క అంకె తప్పినా చాలు, మర్నాడంతా దాని వెనకే తిరగాలి. డీజిల్ ఇంజిన్ అయితే ఇంజెక్టర్ కోడ్లు (ఒక్కో ఇంజెక్టర్ డీజిల్ చల్లే తీరు చెప్పేవి), పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్‌లో పేరుకున్న బూడిద లెక్క, ఆఖరి రీజనరేషన్ (ఆ మసిని కాల్చేయడం) వివరాలు తప్పకుండా తీసుకోవాలి. బూడిద లెక్క సంగతి చాలామంది మరిచిపోతారు. కొత్త ఈసీఎమ్ ఆ ఫిల్టర్ కొత్తదే అనుకుని సున్నా నుంచి మొదలుపెడుతుంది. లోపల నిజంగా ఉన్న బూడిదను మసిగా లెక్కేసి, అవసరానికి మించి రీజనరేషన్ చేస్తుంది. బండి మామూలుగానే నడుస్తున్నట్టుంటుంది కానీ, డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఇంజిన్ ఆయిల్‌లోకి డీజిల్ దిగి మట్టం పెరుగుతుంది. కారణం మాడ్యూల్ మార్చిన రోజున ఉందని అప్పుడెవరికీ తట్టదు.

ఒక్కో తయారీదారు దీనికి ఒక్కో పేరు పెట్టాడు. ఫోర్డ్‌లో ప్రోగ్రామబుల్ మాడ్యూల్ ఇన్‌స్టాలేషన్ అనే పని మొదలుపెడితే, సాధనమే పాత మాడ్యూల్ సమాచారం చదివి పెట్టుకుని, కొత్తది బిగించమని అడిగి, అందులోకి రాస్తుంది. కాబట్టి ఆ పని పాత మాడ్యూల్ బండిలో ఉండగానే మొదలుపెట్టాలి. బెంజ్ వ్యాన్లలో ఎస్‌సీఎన్ కోడింగ్ అనేది తయారీదారు సర్వర్ నుంచి వస్తుంది.

పాతది పూర్తిగా చచ్చిపోతే? అప్పుడూ దారులున్నాయి. ఇంజెక్టర్ కోడ్ ఒక్కో ఇంజెక్టర్ తల మీదే ముద్రించి ఉంటుంది. బాష్ వాటిని ఐఎమ్ఏ కోడ్ అంటుంది, డెల్ఫీ సీ2ఐ, సీ3ఐ అంటుంది. నూనె మడ్డి తుడిచి, ఏ సిలిండర్‌ది ఏదో రాసుకుంటూ చదవండి. ఫోర్డ్ బండి అయితే ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు కోడింగ్‌ను ‘యాజ్-బిల్ట్’ పేరుతో ఛాసిస్ నంబరు ఆధారంగా తీసుకోవచ్చు. అయితే ఆ తర్వాత ఎవరైనా టోయింగ్ హుక్కో ఇంకోటో పెట్టించి ఉంటే అది అందులో ఉండదు. కొన్ని బళ్లలో ఒక మాడ్యూల్ కోడింగ్ నకలు ఇంకో మాడ్యూల్‌లో కూడా ఉంటుంది. అక్కడా వెతకండి.

ఛాసిస్ నంబరులో 17 అక్షరాలుంటాయి. ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు అందులో ఎప్పుడూ రావు. ఓలాగా కనిపించేది సున్నా, ఐలాగా కనిపించేది 1.

కరెంటు నిలకడ

ఫ్లాషింగ్‌లో మాడ్యూల్ ముందు తన పాత సాఫ్ట్‌వేర్‌ను చెరిపేసుకుంటుంది. ఆ తర్వాతే కొత్తది ముక్కలుముక్కలుగా అందుకుంటుంది. ఈ రెంటికీ మధ్య దానికి ఏమీ తెలియదు. లోపల చెరగకుండా కాపాడిన చిన్న బూట్ ప్రోగ్రామ్ ఒక్కటే మేలుకుని ఉంటుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పడిపోతే ఆగేది ఆ స్థితిలోనే.

ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే బండి చాలా కరెంటు లాగుతుంది. ఫ్లాషింగ్ సమయంలో ఇంజిన్ మాడ్యూల్ మౌనంగా ఉంటుంది కాబట్టి కొన్ని బళ్లలో రేడియేటర్ ఫ్యాన్ జాగ్రత్త కోసం పూర్తి వేగంతో తిరుగుతుంది. హెడ్‌లైట్లు కూడా వెలగవచ్చు. బ్యాటరీ ఒక్కదాంతో దీన్ని నెట్టుకురావాలని చూడకండి. మామూలు ఛార్జర్ కూడా పనికిరాదు, దాని వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. ప్రోగ్రామింగ్ కోసమే చేసిన, వోల్టేజీని నిలకడగా పట్టుకునే పవర్ సప్లై పెట్టండి. వోల్టేజీ ఎంత ఉండాలో తయారీదారు చెబుతాడు, చెప్పినదే పెట్టండి. దాన్ని బ్యాటరీ ప్లస్‌కూ, తయారీదారు చూపిన ఎర్త్ పాయింటుకూ తగిలించండి.

వ్యాన్లలో ఎక్కువగా ఎదురయ్యే ప్రమాదం ఒకటి చెబుతాను. లోపల మంచం, ఫ్రిజ్ అమర్చిన ఒక వ్యాన్‌కు ఈసీఎమ్ ఫ్లాష్ చేస్తున్నాను. పవర్ సప్లై పెట్టాను, ల్యాప్‌టాప్‌కు కరెంటు ఉంది, అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాను. సగం దాటాక ఎక్కడో ‘టక్’ మని రిలే చప్పుడు వినిపించింది, వోల్టేజీ ఒక్కసారిగా దిగింది, ఫ్లాషింగ్ ఆగిపోయింది. సీటు వెనుక రెండో బ్యాటరీ ఉంది. ముఖ్య బ్యాటరీ వోల్టేజీ పెరిగితే ఇంజిన్ నడుస్తోందనుకుని దానంతట అదే కలిసే రిలే దానికి ఉంది. నా పవర్ సప్లైని చూసి అది ఇంజిన్ అనుకుంది. ఖాళీగా ఉన్న రెండో బ్యాటరీని తెచ్చి కలిపింది. అది కరెంటంతా పీల్చేసింది. ఆ మాడ్యూల్ తర్వాత బతికింది, ఎలాగో కింద చెబుతాను.

అందుకే మొదలుపెట్టే ముందు రెండో బ్యాటరీ, ఇన్వర్టర్, సోలార్ కంట్రోలర్, ఫ్రిజ్ అన్నిటినీ ఫ్యూజు తీసో, తీగ విప్పో వేరు చేయండి. ట్రాకర్, డయాగ్నస్టిక్ సాకెట్‌కు తగిలించిన డోంగిల్, స్ప్లిటర్ కూడా తీసేయండి. క్యాన్ లైను మీద మీరు ఒక్కరే మాట్లాడాలి.

ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద ఉండాలి, స్లీప్ ఆపేయాలి, ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయాలి. బండికి తగిలించే పరికరం జే2534 ప్రమాణానికి తగినదై ఉండాలి, లేదా తయారీదారు సొంతదై ఉండాలి. కోడ్లు చదవడానికి వాడే చిన్న బ్లూటూత్ డోంగిల్‌తో ఫ్లాషింగ్ చేయకండి. యూఎస్‌బీ తీగ వాడండి.

బిగించడం, ఫ్లాష్ చేయడం

ఇగ్నిషన్ ఆపి, తలుపులు మూసి, మాడ్యూళ్లు నిద్రలోకి వెళ్లేదాకా ఆగి, బ్యాటరీ మైనస్ విప్పండి. ఎయిర్‌బ్యాగ్ దగ్గర పని అయితే మాన్యువల్ చెప్పినంతసేపు వేచి ఉండండి. దాని కెపాసిటర్లలో కరెంటు అంతవరకు నిలిచి ఉంటుంది. మాడ్యూల్ ముట్టుకునే ముందు చాసిస్ లోహాన్ని ఒకసారి తాకండి. మాడ్యూల్ ఒళ్లే ఎర్త్‌గా పనిచేసేదైతే బోల్టులు బిగించకుండా కరెంటు ఇవ్వకండి.

ఇప్పుడు బ్యాటరీ మైనస్ తిరిగి కలిపి, ఇగ్నిషన్ ఆన్, ఇంజిన్ ఆఫ్. సాధనం, అంటే ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్, చెప్పిన వరుస తప్పకుండా పాటించండి. వెనకాల జరిగేది ఇది. సాధనం మాడ్యూల్‌ను ప్రోగ్రామింగ్ స్థితిలోకి రమ్మంటుంది. మాడ్యూల్ ఒక అంకె ఇచ్చి దానికి జోడీ అడుగుతుంది. సరైన జోడీ వస్తేనే తలుపు తీస్తుంది. తర్వాత చెరపడం, ముక్కలుగా పంపడం, లెక్క సరిచూడడం, రీసెట్. జోడీ తప్పితే మాడ్యూల్ కొంతసేపు తలుపు మూసేస్తుంది. అప్పుడు మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి, ఇగ్నిషన్ ఆన్‌లోనే ఉంచి ఆ గడువు గడవనివ్వండి. కారణం కనుక్కున్నాకే రెండోసారి.

మధ్యలో శాతం అంకె కదలకుండా నిలిచిపోతే భయపడి తాళం తిప్పకండి. చెరపడానికి సమయం పడుతుంది. ‘అందింది, ఇంకా చేస్తున్నాను’ అని చెప్పడానికి మాడ్యూల్‌కు 78 అనే ప్రత్యేకమైన జవాబే ఉంది. సాధనం ఆ జవాబు అందుకుంటూ ఎదురుచూస్తుంది, మీరూ చూడండి. ఆ సమయంలో తలుపులు తీయడం, మూయడం, రిమోట్ నొక్కడం వద్దు.

నిజంగానే ఆగిపోతే బ్యాటరీ విప్పకండి, ఇగ్నిషన్ ఆపకండి, వేరే స్కానర్ తెచ్చి పెట్టకండి. వోల్టేజీ సరిచేసి, అదే సాధనంతో, అదే ఫైలుతో మళ్లీ మొదలుపెట్టండి. పైన చెప్పిన వ్యాన్‌లో నేను చేసింది అదే. రెండో బ్యాటరీ తీగ విప్పి మళ్లీ నొక్కితే, లోపలున్న బూట్ ప్రోగ్రామ్ జవాబిచ్చి మొదటి నుంచి అందుకుంది. సాధనం బండిని గుర్తుపట్టనంటే, దాని రికవరీ మెనూలోకి వెళ్లి ఛాసిస్ నంబరూ మాడ్యూల్ నంబరూ చేత్తో ఇవ్వాలి. అదీ కుదరకపోతే మాడ్యూల్ తీసి బల్ల మీద పెట్టి బూట్ మోడ్‌లో రాయడం మిగిలిన దారి. ఫ్లాషింగ్ పూర్తయ్యాక పీ0602 కనిపిస్తే కంగారు వద్దు. ప్రోగ్రామింగ్ ఇంకా ముగియలేదని, తరచుగా కోడింగ్ మిగిలే ఉందని ఆ మాడ్యూల్ చెబుతోంది.

కోడింగ్‌లో వ్యాన్ ప్రత్యేకత

కారుకంటే వ్యాన్‌కు కోడింగ్ ఎందుకు కష్టమంటే, ఒకే పేరుతో తయారయ్యే వ్యాన్‌లో పొడవు రెండు మూడు రకాలు, పైకప్పు ఎత్తు రెండు మూడు రకాలు. వెనుక చక్రాలు ఒంటివి, జంటవి. మొత్తం బరువు వేరు, టైరు కొలత వేరు, యాక్సిల్ నిష్పత్తి వేరు. లోపల సరుకుల బండి కావచ్చు, అంబులెన్స్ కావచ్చు, మినీ బస్సు కావచ్చు. ఏబీఎస్, ఈఎస్‌పీ (మలుపుల్లో బండి అదుపు తప్పకుండా చూసేది) మాడ్యూల్‌లో ఇవి తప్పుగా పడితే మీటరులో ఒక్క దీపం కూడా వెలగకపోవచ్చు. కానీ ఎత్తైన, పొడవాటి బండిని పొట్టి బండి అనుకుని ఈఎస్‌పీ మలుపులో తప్పు చక్రానికి, తప్పు సమయంలో బ్రేకు వేయవచ్చు. కోడింగ్‌లో నేను రెండోసారి చదివేది ఇక్కడే. బండి ప్లేటు మీద ఉన్న బరువూ, టైరు పక్కన ఉన్న కొలతా చూసి సరిపోల్చుకోండి.

కోడింగ్ అంకెలు అర్థం చేసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. ఒక్కో బైటులో ఎనిమిది స్విచ్చులుంటాయి. 04 అంటే 00000100, 0సీ అంటే 00001100. అంటే 04ను 0సీ చేస్తే ఒక్క స్విచ్చు కొత్తగా వేసినట్టు. ఫోర్డ్ యాజ్-బిల్ట్ వరుసలో చివరి రెండంకెలు లెక్క సరిచూసుకునే చెక్‌సమ్. వరుసలో ఏది మార్చినా అది కూడా మారాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, రాయండి, మాడ్యూల్ రీసెట్ చేయండి, పనిచేసిందో లేదో చూడండి, అప్పుడే తర్వాతిది. ఐదు మార్పులు ఒకేసారి చేసి ఏదో ఒకటి చెడితే ఐదూ అనుమానమే.

ఫియట్ డుకాటో లాంటి బళ్లలో బాడీ కంప్యూటర్ దగ్గర ఒక పెద్ద పట్టిక ఉంటుంది. బండిలో ఏమేం ఉన్నాయో అందులో రాసి ఉంటుంది, మిగతా మాడ్యూళ్లు దాంతో తమను సరిపోల్చుకుంటాయి. తేడా వస్తే మీటరులో కిలోమీటర్ల అంకెలు మిణుకుమిణుకుమంటాయి. ప్రాక్సీ అలైన్‌మెంట్ అనే పని చేస్తే ఆగుతాయి.

మీటరు మార్చినప్పుడు పాత కిలోమీటర్లు ఉన్నవి ఉన్నట్టే రాయాలి. తగ్గించమని ఎవరు అడిగినా ఆ పని చేయకండి. పొగలోని విషాన్ని తగ్గించే డీపీఎఫ్, ఈజీఆర్ లేనట్టు ఈసీఎమ్‌ను మార్చి రాయమన్నా అంతే. కొనేవాడికి మొదటిది మోసం, పీల్చేవాళ్లందరికీ రెండోది.

తాళాలు, ఆ తర్వాత నేర్పించడం

ఇంజిన్ ఈసీఎమ్, బాడీ మాడ్యూల్, మీటరు, స్టీరింగ్ లాక్‌లలో ఏది మార్చినా ఇమ్మొబిలైజర్ జత చేయాల్సి రావచ్చు. యజమాని దగ్గరున్న తాళాలన్నీ ముందే తెప్పించుకోండి. చాలా బళ్లలో తాళాలు నేర్పే పని మొదలవగానే పాత జాబితా చెరిగిపోతుంది. ఇంట్లో ఉండిపోయిన తాళం ఆ తర్వాత పనిచేయదు. కొన్ని బళ్లకు రెండు తాళాలు లేనిదే పని పూర్తికాదు. భద్రతా కోడ్ ఊహించి కొట్టకండి, కొన్ని తప్పులయ్యాక మాడ్యూల్ బిగుసుకుపోతుంది. ఇంజిన్ అంటుకుని ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంటే డీజిల్ వెతికే ముందు ఇమ్మొబిలైజర్ కోడ్ చూడండి.

ఇక అడాప్టేషన్. ఏబీఎస్ లేదా స్టీరింగ్ మాడ్యూల్ మార్చితే, చదునైన నేల మీద చక్రాలు నేరుగా పెట్టి స్టీరింగ్ కోణాన్ని సున్నా చేయాలి. ఏబీఎస్‌లో హైడ్రాలిక్ భాగం కూడా మారితే స్కానర్‌తో పంపు తిప్పుతూ గాలి తీయాలి, మామూలుగా తీస్తే లోపలి గదుల్లో గాలి మిగిలిపోతుంది. ఈసీఎమ్‌లో ఇంజెక్టర్ కోడ్లు సిలిండర్ వరుస చూసుకుని రాయండి. రాసుకున్న బూడిద లెక్క ఎక్కించండి. కెమెరా మాడ్యూల్ అయితే టార్గెట్ బోర్డుతో సరిచేయాలి. బ్యాటరీ విప్పారు కాబట్టి అద్దాలు పైదాకా ఎత్తి పట్టుకుని మళ్లీ నేర్పండి.

చివరి పరీక్ష

అన్ని మాడ్యూళ్లలో కోడ్లు చెరిపి, ఇగ్నిషన్ ఆపి, బండిని నిద్రపోనివ్వండి. మళ్లీ లేపి స్కాన్ చేసి, మొదట దాచిన రిపోర్టుతో పక్కపక్కన పెట్టి చూడండి. కొత్తగా వచ్చిన ప్రతి కోడ్‌కూ కారణం దొరకాలి. తర్వాత రోడ్డు మీద కాసేపు నడిపి, ఇంజిన్ వేడెక్కాక మూడోసారి స్కాన్ చేయండి. టోయింగ్ సాకెట్ ఉంటే ట్రైలర్‌నో, పరీక్ష పెట్టెనో తగిలించి ఇండికేటర్లు, బ్రేకు దీపాలు ఒక్కోటీ చూడండి. పక్క తలుపు జరిపి, లాక్ చేసి, రిమోట్‌తో తీసి చూడండి.

తీసేసిన ట్రాకర్, రెండో బ్యాటరీ, ఇన్వర్టర్ ఇప్పుడు తిరిగి కలపండి, ఒక్కోటి కలిపాక ఒక్కోసారి స్కాన్. ఆఖరుకు బ్యాటరీ మైనస్ తీగలో అమ్మీటర్ పెట్టి, తలుపులు మూసి లాక్ చేసి, అరగంటకు పైగా వదిలేయండి. మాడ్యూళ్లన్నీ నిద్రపోయాక బండి లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్లకు మించకూడదు. మించితే ఫ్యూజులు ఒక్కోటి తీస్తూ పోండి. ఏది తీసినప్పుడు అంకె దిగుతుందో, మేలుకునే ఉన్న మాడ్యూల్ ఆ ఫ్యూజు వెనుకే ఉంటుంది.